తోటలిచ్చినవాళ్లు

మూకీ సినిమాల గురించి నేను చదివిన మొదటి పుస్తకంలో, మొదటి అధ్యాయం పూర్తికాకముందే నన్ను కుర్చీలోంచి లేపిన వాక్యం ఒకటుంది. సినిమాలు తీసేవాళ్లు తూర్పున ఉన్న పెద్ద నగరాన్ని వదిలేసి, దేశానికి ఆ చివర, పడమటి సముద్రం దగ్గరున్న చిన్న ఊరికి ఎందుకు పోయారో చెప్పే వాక్యం. అక్కడ మబ్బు తక్కువ, వాన తక్కువ, ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ ఎండ కాస్తుంది. అందుకని పోయారట. ఆ ఊరే హాలీవుడ్.

మే నెల. గ్రంథాలయంలో కరెంటు లేదు. ఆ వాక్యాన్ని మళ్లీ చదివాను. అందులో నిఘంటువు చూడవలసిన మాట ఒక్కటీ లేదు. అయినా ఏదో తప్పుగా అర్థం చేసుకున్నానేమోనని ఇంకోసారి చదివాను. తర్వాత పుస్తకం బోర్లా పెట్టి, బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి పైకి చూశాను. ఎక్కడా మబ్బు తునక లేదు. నేను పుట్టినప్పటి నుంచీ అదే ఆకాశం. దాన్ని తిట్టినవాళ్లనే చూశాను గాని, దానికోసం మూటాముల్లె సర్దుకుని వచ్చేవాళ్లుంటారని నాకెవరూ చెప్పలేదు. ఆ పూట మళ్లీ లోపలికి పోయి కూర్చోలేకపోయాను. బండి తీసి ఊరికే కదిరి రోడ్డు మీద చాలా దూరం పోయి తిరిగొచ్చాను.

నేను బళ్లో చదివింది పదో తరగతి దాకా. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గులేదు, ఎందుకంటే ఆ తర్వాత చదివిందంతా ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే చదివాను. బళ్లో రాని ఇంగ్లీషు బీరువాల మధ్య వచ్చింది. మా ఊరు కదిరికీ నల్లమాడకూ మధ్య ఉంది. పొద్దున పాల కేంద్రంలో ఊరి పాలు పోయించుకుని, వ్యాను వెళ్లిపోగానే శాఖా గ్రంథాలయానికి పోతాను. ఎట్లా చదవాలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. బీరువాలో ఎడమ చేతి వైపు మొదటి పుస్తకం తీసి, కుడి చేతి వైపు చివరి పుస్తకం దాకా పోవడం. నచ్చినా నచ్చకపోయినా సరే. అట్లా వ్యవసాయం, వైద్యం, చరిత్ర దాటి కళల బీరువాకు వచ్చినప్పుడు ఆ మూకీల పుస్తకం తగిలింది. ఎవరో దానమిచ్చిన ఇంగ్లీషు పుస్తకం. అట్ట మీద తెల్లరంగు పూసుకున్న ఒక ముఖం, కాటుక కళ్లు. దాని దగ్గరే నా పద్ధతి చెడిపోయింది. దాని పక్క పుస్తకానికి ఈ రోజుకీ పోలేదు.

గ్రంథాలయం చూసుకునే ఆమెది మడకశిర. "ఏమన్నా, మళ్లా ఆ మూగబొమ్మలేనా? మాట్లాడే సినిమాల పుస్తకం ఒకటి తీసుకోరాదా, నీకూ రొంత మాటలొస్తాయి" అని ఎగతాళి చేసేది. ఎగతాళి చేస్తూనే జిల్లా గ్రంథాలయానికి రాసి అదే విషయం మీద ఇంకా కొన్ని పుస్తకాలు తెప్పించి పెట్టింది.

వాటిలో ఏముందో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాణ్ణి. మొదట్లో అక్కడి స్టూడియోలకు పైకప్పు ఉండేది కాదు. ఇంటి లోపలి దృశ్యం కూడా ఆరుబయటే తీసేవాళ్లు. చెక్కలతో ఒక అరుగు కట్టి, గోడలు నిలబెట్టి, ఎండ మరీ గుచ్చుకోకుండా పైన పల్చటి తెల్లగుడ్డ లాగేవాళ్లు. వెలుతురు ఎక్కువైతే గుడ్డ మూసేవాళ్లు, తక్కువైతే తెరిచేవాళ్లు. తలుపులు బిగించుకుని దొర, దొరసాని లోపల భోంచేస్తున్నట్టు సినిమా. బల్ల మీది గుడ్డేమో గాలికి లేచిపోతుంటుంది. ఇది చెప్పినప్పుడు పాల కేంద్రంలో ఒకాయన, "మన పెండ్లి షామియానాలో అన్నం తిన్నట్టే గదప్పా, ఆకులో దుమ్ము పడ్తా" అని తన క్యాను తీసుకుని పోయాడు. ఆయనకు అంతకు మించి చెప్పుకోవలసింది ఏమీ కనిపించలేదు. నాకు మాత్రం నిద్రపట్టని విషయం అది.

ఒక సాయంత్రం ఇంట్లో సంగటి తింటూ కూడా అదే ఎత్తుకున్నాను. మా ఇంట్లో నాయన, అన్న, వదిన, నేను.

"ఎండ కోసరం పోయినారా?" అన్నాడు నాయన. "వాల్లకు తిక్కగాని పట్టిందా?"

"ఎండ లేకుంటే బొమ్మ పడేది కాదు నాయనా. అప్పట్లో దీపాల వెలుగు చాలేది కాదు."

"అట్లయితే ఈడికి రమ్మనకపోతివి. ఎంత గావాలంటే అంత గీక్కోని పోతారు" అన్నాడు అన్న.

వదిన ముద్ద మీద పప్పు వేస్తూ, "వాల్లు ఈడికి వచ్చింటే నేనూ హీరోయిన్ అయ్యింటి" అంది.

"మూగ సినిమాలోనా? నువ్వా?" అన్నాడు అన్న. వదిన ఆయన గిన్నెలో మాత్రం పప్పు తగ్గించింది.

నాయన నవ్వలేదు. "తోటలన్నావే, ఏం తోటలవి?"

ఆ ఊరంతా నారింజ, నిమ్మ తోటలని అంతకు ముందే చెప్పాను. ఒక కంపెనీ తోటలో గుర్రాల కొట్టం బాడుగకు తీసుకుని దాన్నే స్టూడియో చేసుకుందని కూడా చెప్పాను. "నారింజ నాయనా. మన చీనీ మాదిరివే" అన్నాను.

"ఆ తోటలోల్లు ఏమైనారు?"

"పుస్తకం ఇంకా అయిపోలేదు" అన్నాను.

మాకూ చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. ట్యాంకర్లతో నీళ్లు తోలించి చెట్లను కొన్నాళ్లు నిలబెట్టాడు నాయన. చివరికి ఆయనే గొడ్డలి తీసుకున్నాడు, కూలివాళ్లను పిలవలేదు. ఆ కట్టె చాలా కాలం మా పొయ్యిలోకి వచ్చింది. తర్వాత ఆ చేనులో వానను బట్టి శనక్కాయ, వాన లేకపోతే బీడు. నాయన తోటలని వినగానే చెవి ఎందుకు రిక్కించాడో నాకప్పుడే తెలిసింది. అయినా నా ధ్యాసంతా స్టూడియోల మీదే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకే సోలార్ కంపెనీ మనిషి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చినవాడు, మెత్తగా మాట్లాడేవాడు. మా గుట్ట కింది భూములన్నీ కలిపి కౌలుకు తీసుకుంటామన్నాడు. అందులో మా చేను నట్టనడుమ ఉంది. ఏటేటా కౌలు ఇస్తాం, మనవళ్లు పెద్దవాళ్లయ్యేదాకా ఒప్పందం, తండ్రీకొడుకులు ముగ్గురూ సంతకాలు పెట్టాలి అన్నాడు. మా అరుగు మీద కూర్చుని, నుదురు తుడుచుకుంటూ, "మీ దగ్గర ఎండ అద్భుతమండీ బాబాయ్ గారూ. ఇలాంటి ఆకాశం మాకు ఇంకెక్కడా దొరకలేదు" అన్నాడు.

నాయన నా వైపు తిరిగి, "ఇంగొగడు" అన్నాడు.

పుస్తకంలో చదివిన మాట మా అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టనిపించింది. ఆయనకు హాలీవుడ్ సంగతి, కప్పులేని స్టూడియోల సంగతి గబగబా చెప్పాను. "అవునాండీ, చాలా ఇంట్రెస్టింగ్" అంటూ ఆయన ఫోను చూసుకున్నాడు.

అన్న ఆ రోజే ఒప్పుకున్నాడు. ఆయనకు కారణం ఉంది. శనక్కాయ పీకడం అయిపోగానే ప్రతి ఏడాదీ బెంగుళూరు పోయి ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉంటాడు. మెట్ల కింద ఒక గది. నిటారుగా నిలబడితే తల తగిలే గది. వానాకాలం మొదట్లో తిరిగొచ్చినప్పుడు ఆయన నడకలో మోకాళ్లు ఎంత చెడ్డాయో వదిన గుమ్మంలోంచే చూసి లెక్కకట్టేది. "ఈ కౌలు వస్తే నేనింగ ఆ మెట్ల కిందికి పోను" అన్నాడు అన్న. ఆ మాట విన్నాక వదిన వాకిలి ఊడవడం ఆపి అట్లానే నిలబడిపోయింది.

నాయన అవునని గాని కాదని గాని అనలేదు. కంపెనీ మనిషి మళ్లీ వచ్చిపోయాడు. అన్న గట్టిగా అడిగాడు, తర్వాత అరిచాడు. ఒక పొద్దున నేను పాల కేంద్రానికి బయల్దేరుతుంటే నాయన నన్ను కొట్టం దగ్గర ఆపాడు. అన్న కూడా అక్కడే ఎనుముకు నీళ్లు పెడుతున్నాడు.

"రేయ్, నువ్వు సదివినోడివి గదా. ఆ తోటలిచ్చినోల్లు తర్వాత బాగుండారా, చెడినారా? నీ పుస్తకంలో సూసి చెప్పు. బాగుండారని ఉంటే నేను సంతకం పెడ్తా. చెడినారని ఉంటే ఈ మాట మళ్లా ఎవురూ ఎత్తగూడదు."

"యాడి అమెరికా, యాడి మన చేను నాయనా?" అన్నాడు అన్న.

"వాల్లూ ఎండ కోసరం వచ్చినోల్లే, ఈల్లూ ఎండ కోసరం వచ్చినోల్లే. ఆడ జరిగింది తెలిస్తే ఈడ జరిగేది తెలుస్తాది" అన్నాడు నాయన.

మా ఇంట్లో నా చదువు మీద అంత బరువు ఎప్పుడూ ఎవరూ పెట్టలేదు. అప్పటిదాకా అది నా పిచ్చి. వదిన మాటల్లో చెప్పాలంటే 'దుడ్లు రాని ఉద్యోగం'. ఇప్పుడు ఒక చేను దాని మీద ఆధారపడింది. ఆ రోజు పాలు పోయించుకుంటూ ఒకరి కొలత ఇంకొకరికి చెప్పాను. తిట్లు తిన్నాను. పట్టించుకోలేదు.

పుస్తకం చివరిదాకా చదివాను. వెనక ఉన్న పేర్ల పట్టికలో తోటలు, రైతులు, భూములు అన్న మాటల కోసం వెతికాను. తారల కుక్కల పేర్లున్నాయి. ముఖానికి ఏ రంగు పూస్తే తెర మీద ఎట్లా కనబడుతుందో ఉంది. ఎవరు ఎవరితో పోట్లాడారో, ఎవరి ఇంట్లో ఈతకొలను ఏ ఆకారంలో ఉందో ఉంది. తోటల గురించి ఒకటే వాక్యం: అంతకు ముందు అక్కడ నారింజ తోటలుండేవి. ఆ వాక్యం అయిపోగానే కథ ముందుకు పోతుంది. జిల్లా నుంచి తెప్పించిన ఇంగ్లీషు పుస్తకాల్లోనూ అంతే, వాటితో వచ్చిన తెలుగు పుస్తకంలోనూ అంతే. ఉండేవి. తర్వాత లేవు. మధ్యలో మనుషులు లేరు.

కదిరి పోయాను. అక్కడా లేదు. అనంతపురం బస్సెక్కాను. జిల్లాను రెండు చేసినా మాకు పెద్ద గ్రంథాలయమంటే అనంతపురమే. సీటు ఖాళీగా ఉన్నా దారి పొడుగునా నిలబడే ఉన్నాను. అక్కడ హాలీవుడ్‌ను తనలో కలుపుకున్న నగరం చరిత్ర ఒకటి దొరికింది. బల్ల మీద నిఘంటువు ఒక పక్క, చరిత్ర ఒక పక్క పెట్టుకుని చదివాను. ఊరు పెరిగిపోయి నీళ్లు చాలక, ఎక్కడో కొండల అవతలి లోయ నుంచి కాలువ తవ్వి నీళ్లు తెచ్చుకున్నారట. ఆ లోయలో సేద్యం ఎండిపోయిందట. నీళ్లు పోయిన రైతుల గురించి చాలా పేజీలున్నాయి. వాళ్లు ఎదురుతిరిగారు, కాబట్టి రాశారు. తోటలు ప్లాట్లుగా వేసి ధనవంతులైన పెద్దమనుషుల పేర్లూ ఉన్నాయి. కాని వాళ్లు తోటలు కొన్నవాళ్లు. కొమ్మ పట్టుకుని కాయ కోసినవాడు, కొట్టం బాడుగకిచ్చినవాడు, తన కంచె పక్కన కొత్తగా లేచిన చెక్కగోడలు చూస్తూ నిలబడినవాడు ఏమయ్యాడో ఒక్కరూ రాయలేదు.

ఇంకోటి తెలిసింది. పెద్ద దీపాలొచ్చాయి, ఆ తర్వాత సినిమాకు మాట వచ్చింది. బయటి చప్పుడు లోపలికి రాకూడదని స్టూడియోలకు మందపాటి గోడలు కట్టి, కప్పు వేసి, తలుపులు మూసేశారు. ఏ ఎండ కోసం వచ్చారో దాన్ని బయట పెట్టేశారు. ఇది నాకు గొప్ప వింతగా అనిపించి, ఇంటికి రాగానే చెప్పాను.

"అయితే ఎండతో పనైపోయిందన్నమాట" అన్నాడు నాయన. "మరి తోటలు తిరిగిచ్చినారా?"



మర్నాడు అన్న నన్ను పాల కేంద్రం వెనక్కి తీసుకుపోయాడు. "బాగుండారని చెప్పరా. అంతే గదా. ఆయప్ప పోయి సూసొస్తాడా ఏమన్నా?" అన్నాడు. ఆ మాట ఒక పూటంతా నా నాలుక చివర ఉంది. బాగున్నారు నాయనా, పెద్ద పెద్ద ఇండ్లు కట్టుకున్నారు, పుస్తకంలో ఉంది. నేను చెబితే నాయన నమ్ముతాడు. పుస్తకంలో ఉందంటే మా ఊళ్లో చాలామంది నమ్ముతారు. అదే నన్ను కూర్చోనివ్వలేదు. లేనిది ఉందని ఒక్కసారి చెబితే, అప్పటిదాకా ఉన్నవి ఉన్నాయని చెప్పినదంతా ఏమైపోతుంది?

సాయంత్రం అందరూ ఉన్నప్పుడు చెప్పాను. "రాయలేదు నాయనా. వెతకాల్సిన చోటంతా వెతికినా. వాల్ల గురించి రాయలేదు."

"రాయలేదంటే చెడినారనే" అన్నాడు నాయన. "బాగుపడింటే వాల్లే రాయించుకోరా?"

"బాగుండేటోడు పోయి నేను బాగుండానని ఎవునికన్నా చెప్తాడా?" అన్నాడు అన్న. "చెడినోడే ఊరంతా తిరిగి చెప్తాడు. రాయలేదంటే బాగుండారనే."

ఇద్దరూ నా వైపు చూశారు. రాయకపోవడం వల్ల అదీ తేలదు, ఇదీ తేలదు అన్నాను.

"ఇంత సదివి నువ్వు చెప్పేది ఇదా?" అన్నాడు అన్న. వదిన కూడా తలుపు దగ్గర నుంచి లోపలికి వెళ్లిపోయింది.

అన్న ఒప్పుకున్న మాట పట్టుకుని, చేను కొలవడానికి వస్తామని కంపెనీ మనిషి చెప్పిన రోజు పొద్దున, ఆయనతో పాటు ఇంకో ఇద్దరు సామాను దించుకుని మా గట్టు దగ్గరికి వచ్చారు. నేనూ అన్నా ముందే అక్కడున్నాం. చేను నిండా గొర్రెలు. మడకశిర వైపు నుంచి దిగిన మంద. కాపరి గట్టు మీద గొంగడి పరుచుకుని, బుర్రమీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. మా చేనులో మంద కట్టించుకున్నాడు నాయన. మాకెవరికీ చెప్పలేదు.

మంద కట్టించడమంటే మా దగ్గర అందరికీ తెలుసు. పగలు మేసొచ్చిన గొర్రెల్ని రాత్రిపూట ఆ చేనులోనే పడుకోబెడతారు. పెంటికలు, పంచితం పడి నేలకు బలం వస్తుంది. ఇన్ని రోజులని కాపరితో మాటయ్యాక, ఆ రోజులు తీరేదాకా మందను కదిలించమని ఎవరూ అడగరు. అడిగితే తర్వాతి ఏడు ఆ ఊళ్లోకి మంద దిగదు. అంతకంటే ముఖ్యం, విత్తనం వేయాలనుకున్నవాడే మంద కట్టిస్తాడు. నాయన మాతో ఏమీ అనకుండానే అంతా చెప్పేశాడు.

కంపెనీ మనిషి అది తెలియక, "కొంచెం ఆ పక్కకు తోలితే సరిపోతుందండీ, గంటలో అయిపోతుంది" అన్నాడు.

"తోలొచ్చు సార్" అన్నాడు కాపరి, లేవకుండానే. "మాటైపోయినాక తోలితే, మీ కంపెనీ వస్తాదా రాత్రికి ఈడ పండుకోను?"

ఆయన సామాను మళ్లీ వ్యానులో పెట్టించాడు. అమావాస్య దాటాక వస్తామన్నాడు. అన్న ఆ రోజు నుంచి నాయనతో మాట్లాడటం మానేశాడు. ఇంట్లో ఏం కావాలన్నా వదిన ద్వారా అడిగేవాడు. పక్కపక్కనే కూర్చుని, 'మీ మామకు చెప్పు', 'నీ మొగునికి చెప్పు' అనుకునేవాళ్లు.

నాకు ఏమీ తోచలేదు. పుస్తకాలు అయిపోయాయి. అప్పుడు, ఇంతకాలం తట్టనందుకు నన్ను నేనే తిట్టుకోవలసిన ఆలోచన వచ్చింది. మూకీల గురించి చదివానే గాని, మూకీలు చూసింది చాలా తక్కువ. కప్పులేని రోజుల్లో హాస్య సినిమాలు చాలావరకు వీధుల్లో, రోడ్ల మీద తీసినవే. హాస్యగాడు పరిగెత్తుతుంటాడు, వెనక ఊరుంటుంది. అందరూ హాస్యగాణ్ణి చూస్తారు. నేను వెనక చూస్తే?

ఫోనులో ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. గ్రంథాలయం ఆమె, "ఏమన్నా, చదవను వచ్చినావా, సినిమాకు వచ్చినావా?" అని కసిరింది. కసిరి, నా భుజం మీదుగా ఆమె కూడా చూసింది. ముందు మనుషులు పడుతున్నారు, లేస్తున్నారు, ఒకరి మొహం మీద ఒకరు ఏవో విసురుకుంటున్నారు. నేను ఆపి ఆపి గోడల్ని, చెట్లని, మూలల్ని చూశాను. ఒక లావుపాటి మనిషి కారు వెంటపడే చిన్న సినిమాలో, మట్టిరోడ్డు మలుపు దగ్గర, గుండ్రటి చెట్లు వరసలుగా కనిపించాయి. ముందు తీగ కంచె. కంచె వెనక టోపీ పెట్టుకున్న ఒక మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, తిన్నగా కెమెరా వైపు చూస్తున్నాడు. నటుడు కాదు. నటులెవరూ అట్లా చూడరు. కారు దుమ్ము రేపుకుంటూ పోతుంది, మనిషి దుమ్ములో మునిగిపోతాడు. అంతే.

నేను లేచేశాను. "యాడికన్నా?" అని ఆమె అడుగుతుండగానే బండి దగ్గరికి పోయాను.

నాయన చేను దగ్గర, కాపరి పక్కన కూర్చుని ఉన్నాడు. కండువా కింద ఫోను నీడలో పట్టుకుని ఇద్దరికీ చూపించాను. నాయన అది అయిపోగానే మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను. లావుపాటి మనిషి పడినప్పుడు కాపరి పగలబడి నవ్వాడు. నాయన ఆ వైపే చూడలేదు.

"వీడు తోటోడే" అన్నాడు.

"ఎట్ల చెప్తావు నాయనా?"

"కంచెకు లోపల నిలబడినాడు గదా. సూడనొచ్చినోడయితే బయట నిలబడతాడు."

బొమ్మను ఆపి, వేళ్లతో పెద్దది చేశాను. ముఖం గళ్లుగళ్లుగా చెదిరిపోయింది. "నవ్వుతాండాడా?" అన్నాడు నాయన. తెలియలేదు. చిన్నది చేస్తే నవ్వుతున్నట్టుంది, పెద్దది చేస్తే ఏమీ లేదు. కాపరి తల దూర్చి, "అప్పా, ఆ చెట్లకు కాయలుండాయి సూడు" అన్నాడు. నిజమే. ఆకుల మధ్య తెల్లటి చుక్కలు.

నాయన ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. "కాయలుండంగనే ఇచ్చినాడా?" అన్నాడు. ఎవరినీ అడగలేదు ఆ మాట. చాలాసేపు అట్లానే పట్టుకున్నాడు. తెర ఆరిపోయింది. వెలిగించలేదు.

"నేను ఎండినాకనే కొట్టేసినా" అన్నాడు కాపరితో.

తర్వాత ఫోను నాకిచ్చేశాడు. "సరే. పుస్తకమూ చెప్పలేదు, వీడూ చెప్పలేదు. నువ్వు చెప్పు. నువ్వేమంటే అది."

నేను మాట మొదలుపెడితే 'పుస్తకంలో ఏముందంటే' అని మొదలవుతుంది. ఊళ్లో నాకు అదే పేరు. ఆ గట్టు మీద ఆ మాట నాకు పనికిరాలేదు. గొర్రెలు మేతకు పోవడంతో చేను ఖాళీగా ఉంది. నేలంతా నల్లగా పెంటికలు. ఎన్నో ఏళ్ల తర్వాత దానికి అంత బలం దొరికింది. అటు చూస్తే వద్దనాలనిపించింది. మెట్ల కింది గది గుర్తుకొచ్చింది. నేను దాన్ని ఒక్కసారే చూశాను, వంగి లోపలికి పోయి, వంగే బయటికొచ్చాను. నిలబడలేక గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. కాపరి, "కూచోప్పా, గొర్రె కూడా అంత తిరగదు" అన్నాడు.

"ఇద్దాం నాయనా" అన్నాను. "అన్న ఇంట్లో ఉండనీ."

నాయన తలూపాడు. కోపం లేదు, సంతోషమూ లేదు. "మంద కట్టిన చేను ఒక పంట సూడకుండా పోగూడదు. పంట తీసినాక ఇస్తానని చెప్పు వానికి" అన్నాడు.

ఆ మాట కంపెనీ మనిషితో ఒప్పించడం నా వంతైంది. కాపరి మాటతో ఆయనకప్పటికే కొంత అర్థమైంది. చుట్టూ ఉన్నవి ముందు చేసుకుని మాది చివర్లో పెట్టుకుంటామన్నాడు. శనక్కాయ వేశాం, మధ్యలో కంది సాళ్లు పోశాం. మొదట బాగా పడింది వాన. కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు ముఖం చాటేసింది. అయినా ఆ నేల బలం వల్ల చెట్టు నిలబడింది. పీకేటప్పుడు నాయన అన్నతో తిన్నగా మాట్లాడాడు. "ఆ కొస నుంచి రా" అన్నాడు, అంతే. అన్న ఆ కొస నుంచి వచ్చాడు.

ఇప్పుడు గుట్ట కింద ఎటు చూసినా అద్దాల పలకలే. పొద్దు తిరిగే కొద్దీ అవీ తలతిప్పుతాయి. కంపెనీకి గేటు దగ్గర స్థానికుడు ఒకడు కావాలంటే అన్న చేరాడు. నీలం చొక్కా, మెడలో కార్డు. చేసేది అదే పని, గేటు తీయడం, గేటు వేయడం. కాని రాత్రికి ఇంటికొస్తాడు. వదిన వేడివేడిగా సంగటి కలుపుతుంది. నాయన రోజూ పొద్దున గేటు దాకా పోతాడు.

"సార్, లోపలికి రావచ్చునా?" అంటాడు.

"కార్డు సూపించు పెద్దాయనా" అంటాడు అన్న.

"నీ తాత కొన్న చేనురా ఇది."

"మా తాతకూ కార్డు ఉండాల."

ఇద్దరూ నవ్వుతారు. కొన్ని రోజులు నాయన నవ్వి అక్కడే కూర్చుంటాడు. కొన్ని రోజులు నవ్వకుండానే వెనక్కి వస్తాడు. ఆ రోజులు ఎందుకు వేరో అడిగితే చెప్పడు. కౌలు వస్తోంది. ఇంకో బోరు వేద్దామన్న మాట నాయన ఇప్పుడు ఎత్తడం లేదు. వాన పడిన రోజు మాత్రం ఆయన ఇంట్లో ఉండలేడు, నేనూ ఉండలేను. ఆయన కంచె వెంట నడుస్తాడు, నేను బండి మీద పోతాను.

పోయిన నెల విడపనకల్లు వైపు నుంచి కొందరు రైతులు వచ్చారు. వాళ్ల దగ్గరికీ ఒక కంపెనీ మనిషి వచ్చి ఆకాశాన్ని పొగిడాడట. మా ఊళ్లో ఇచ్చారని తెలుసుకుని, రెండు బస్సులు మారి, మా అరుగు మీద కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, నాయన్ని అడిగాడు. "ఏమప్పా, ఇచ్చినోల్లు బాగుండారా?"

నాయన నన్ను చూపించాడు. "వాన్నడగండి. వాడు సదివినోడు."

చెప్పడం మొదలుపెట్టాను. అన్న సంగతి చెప్పాను, గేటు సంగతి, కార్డు సంగతి చెప్పాను. నాయన పక్కనే ఉన్నాడని చూసుకోకుండా ఆయన వెనక్కి వచ్చేసే రోజుల సంగతీ చెప్పాను. వాళ్లను కంచె దగ్గరికి తీసుకుపోయాను. పలకల కింద గడ్డి చూపించాను, మంద ఇప్పుడు ఎటు పోతోందో చెప్పాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఒకరు, "అంటే బాగున్నట్టా, లేనట్టా?" అన్నారు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

బస్సు వేళయింది. రోడ్డు దాకా వాళ్లతో వెళ్లాను. పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని, తల బయటికి పెట్టి, "ఒక్క మాటలో చెప్పప్పా, మావోల్లకు ఏమని చెప్పేది?" అన్నాడు. ఒక్క మాటలో రాలేదు. బస్సు కదిలింది. నేను కిటికీ పట్టుకుని, దానితో పాటే నడుస్తూ, నడక చాలక కొంచెం పరిగెత్తుతూ, ఇంకా చెబుతూనే ఉన్నాను.